పెదనాన్న పాత ల్యాప్‌టాప్, తేలికపాటి లినక్స్: నా అనుభవం

పాత కంప్యూటర్ నెమ్మదిస్తే "ప్రాసెసర్ ముసలిదైపోయింది, ఇంక మార్చేయాల్సిందే" అంటారు. ప్రాసెసర్‌కి ముసలితనం ఉండదు. 2011లో సెకనుకి ఎన్ని లెక్కలు చేసేదో ఇవాళా అన్నే చేస్తుంది. మారింది దాని మీద మనం పెడుతున్న బరువు. వెనకాల ఎప్పుడూ ఏదో ఒకటి చేసుకుంటూ ఉండే సర్వీసులు, ఒక్క పేజీకే వందల ఎంబీ మెమరీ అడిగే వెబ్‌సైట్లు, ఏళ్ల తరబడి పేరుకుపోయిన ప్రోగ్రాములు. ఆ బరువులో ఏది తీసేయగలం, ఏది తీసేయలేం అన్నది మా పెదనాన్న ల్యాప్‌టాప్ మీద ఒక్కో మెట్టూ చేసి చూశాకే నాకు స్పష్టమైంది.

అది 2011 నాటి ల్యాప్‌టాప్. ఇంటెల్ రెండో తరం ఐ3 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. కొన్నప్పుడు విండోస్ 7 ఉండేది, తర్వాత విండోస్ 10కి మారింది. పెదనాన్న రిటైరయ్యాక దాని మీదే వ్యాసాలు టైపు చేసుకుంటారు, వార్తలు చదువుతారు, పాత పాటలు వింటారు, దూరంగా ఉన్న కూతురితో వీడియో కాల్ మాట్లాడతారు. కొన్నాళ్లుగా బటన్ నొక్కి, మొహం కడుక్కుని వచ్చినా డెస్క్‌టాప్ పూర్తిగా రావడం లేదు. టైపు చేసిన అక్షరం కాసేపాగి తెర మీద పడుతోంది. కొత్తది కొనమని ఇంట్లో అందరూ అంటున్నారు. ఆయనకి ఆ కీబోర్డు అలవాటు, పైగా పాడవని వస్తువుని పారేయడం ఆయనకి నచ్చదు. నాకూ నచ్చదు. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందనీ, అందులో సరైన పద్ధతిలో రీసైకిల్ అయినట్టు లెక్క తేలింది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. మన చేతిలో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ అయినా ఆ కుప్పలో చేరకుండా ఆపగలిగితే అది చేయదగిన పనే.

ఇంకో తొందర కూడా ఉంది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 అధికారికంగా ఈ ల్యాప్‌టాప్ మీద ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో తరం దరిదాపుల నుంచి ఉండాలి, ర్యామ్ కనీసం 4 జీబీ ఉండాలి. అప్‌డేట్లు రాని మెషీన్ మీద ఈమెయిలూ బ్యాంకు లావాదేవీలూ చేయడం నాకు టెన్షన్ పుట్టించే విషయం. అందుకే విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేలికపాటి రకం ఒకటి పెడదామనుకున్నాను.

ఏదీ మార్చకముందే అసలు ఎక్కడ ఇరుక్కుంటోందో చూశాను. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ చాలాసేపు ఖాళీగానే ఉంది. డిస్క్ మాత్రం వంద శాతం దగ్గర అతుక్కుపోయింది, మెమరీ దాదాపు నిండిపోయింది. ఈ రెండూ ఒకే జబ్బు. ర్యామ్ నిండిపోగానే ఆపరేటింగ్ సిస్టమ్ అందులోని కొంత భాగాన్ని డిస్క్ మీదికి నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ డిస్కేమో నిమిషానికి 5400 చుట్లు తిరిగేది. ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది, హెడ్ ఆ వరుస దగ్గరికి జరగడానికి ఇంకో పదో పన్నెండో మిల్లీసెకన్లు. అంటే డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు చదవాలంటే సెకనుకి అరవైకి అటూఇటూ మాత్రమే కుదురుతుంది. ఒక ప్రోగ్రామ్ తెరవాలంటే అలాంటివి వేలల్లో చదవాలి. పెదనాన్న ఎదురుచూసిందల్లా ఆ డిస్క్ తిరగడం కోసం. ప్రాసెసర్ కూడా ఆయనతో పాటే ఎదురుచూస్తూ కూర్చుంది.

రెండో సంగతి వేడి. ఫ్యాన్ ఎప్పుడూ గట్టిగా తిరుగుతూనే ఉండేది. ప్రాసెసర్ ఒక హద్దు దాటి వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వెనక మూత విప్పి చూస్తే ఫ్యాన్‌కీ, గాలి బయటికి పోయే రాగి రెక్కలకీ మధ్య దుమ్ము మందంగా గడ్డకట్టి ఉంది. దాన్ని మెత్తని బ్రష్‌తో తీసేసి, ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పొడిబారితే అది తుడిచి కొత్తది రాశాను. ఫ్యాన్ రెక్కలని వేలితో కదలకుండా పట్టుకునే గాలి కొట్టాలి, లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకున్నా ఈ పని తప్పదు. దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్‌లో ఎంత తేలికైన సిస్టమ్ వేసినా కాసేపటికే మళ్లీ నీరసిస్తుంది.

"ఏరా, నా రాతలన్నీ ఉంటాయా?" అని పెదనాన్న మొదటిరోజే అడిగారు.

"అన్నీ ఉంటాయి పెదనాన్నా. ముందు కాపీలు తీశాకే మిగతా పని."

ఆ మాట నిలబెట్టుకోవడం ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన పని అనుకుంటాను. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినా సిస్టమ్ పూర్తిగా ఆగదు, కొంత భాగం నిద్రపోయినట్టు డిస్క్ మీద ఉండిపోతుంది. ఆ స్థితిలో ఉన్న డిస్క్‌ని లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు. అందుకని షిఫ్ట్ కీ నొక్కి ఉంచి షట్‌డౌన్ చేశాను, అలా చేస్తే పూర్తిగా ఆగుతుంది. తర్వాత పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి ఆయన డాక్యుమెంట్లు, ఫొటోలు, బ్రౌజర్ బుక్‌మార్కులు బయటి హార్డ్ డిస్క్‌కి కాపీ చేశాను. కాపీ అయ్యాక ఫోల్డర్ల సైజులు పోల్చి, ఫొటోలు అక్కడక్కడా తెరిచి చూసి, అదే ఇంకో పెన్ డ్రైవ్‌లో కూడా పెట్టాను. ఒక్కచోటే ఉన్న కాపీని నేను కాపీ అనుకోను.

పనిలో పనిగా డిస్క్ ఆరోగ్యం కూడా చూశాను. హార్డ్ డిస్కులు తమ గురించి తామే స్మార్ట్ అనే పట్టిక రాసుకుంటాయి. అందులో చూడాల్సినవి ముఖ్యంగా రెండు: పాడైపోయి పక్కకి తప్పించిన సెక్టార్ల సంఖ్య, చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్న సెక్టార్ల సంఖ్య. రెండూ సున్నా ఉంటే కాస్త నిశ్చింత. ఇక్కడ రెండూ సున్నానే. అంటే డిస్క్ పాడవలేదు, అది మొదట్నుంచీ అంతే నెమ్మది.

ఏ సిస్టమ్ ఎంచుకోవాలన్నది చాలామంది ఇరుక్కుపోయే చోటు. తేలికపాటి లినక్స్ రకాలు బోలెడున్నాయి. టైనీ కోర్ అయితే పట్టుమని పాతిక ఎంబీ కూడా ఉండదు. 2003లో మొదలైన పప్పీ లినక్స్ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది. యాంటిఎక్స్ ఐస్‌డబ్ల్యూఎం అనే బక్కపలచని విండో మేనేజర్‌తో (తెర మీద విండోలని అమర్చే ప్రోగ్రామ్) వస్తుంది. దాని చుట్టాల్లోదే ఎంఎక్స్ లినక్స్. లుబుంటు, జుబుంటు, లినక్స్ మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న రకం ఇంకో వరుస. గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉంది కానీ దానికి 4 జీబీ ర్యామ్ కావాలి, పైగా అది దాదాపుగా బ్రౌజర్‌లోనే బతకమంటుంది. పెదనాన్నకి తన ఫోల్డర్లూ, తన ఫైళ్లూ, తన స్కానరూ కావాలి.

అన్నిటికంటే తక్కువ మెమరీ తీసుకునేది ఏదా అని మొదట వెతకబోయాను. లెక్క వేస్తే ఆ వెతుకులాటకి అర్థం లేదనిపించింది. ఊరికే ఉన్నప్పుడు ఎక్స్ఎఫ్‌సీఈ ఉన్న మింట్ ఈ ల్యాప్‌టాప్‌లో 700 ఎంబీ దాకా తీసుకుంటోంది. ఇంకా సన్నటి సిస్టమ్ పెడితే రెండు మూడు వందల ఎంబీ మిగులుతుంది. ఒక వార్తల సైట్ ట్యాబ్ తెరిస్తే ఆ మిగిలింది కాస్తా పోతుంది. ఆ కొంచెం కోసం సెట్టింగులన్నీ ఫైళ్లలో రాసి మార్చుకోవాల్సిన సిస్టమ్‌ని డెబ్బై దాటిన మనిషి చేతిలో పెట్టడం న్యాయం కాదు. ఆయన ఒంటరిగా కూర్చున్నప్పుడు వైఫై పాస్‌వర్డ్ మార్చుకోగలగాలి, పెన్ డ్రైవ్ పెడితే తెరుచుకోవాలి, ప్రింట్ నొక్కితే కాగితం రావాలి. ఎక్స్ఎఫ్‌సీఈ 1996 నుంచి ఉన్న డెస్క్‌టాప్. కింద ఒక పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. ఆయన కళ్లకి అలవాటైన అమరికే. అందుకే మింట్.

ఇన్‌స్టాల్ చేయాల్సిన సిస్టమ్ అంతా ఒకే ఐఎస్ఓ ఫైల్‌గా వస్తుంది. అది దించుకున్నాక దాని చెక్‌సమ్ (ఫైల్ తేడా లేకుండా దిగిందని చెప్పే సంఖ్య) సరిపోయిందో లేదో చూసుకోవాలి. సగం దిగిన ఫైల్‌తో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే తప్పు ఎక్కడుందో వెతకడానికే బోలెడు సమయం పోతుంది. పెన్ డ్రైవ్ మీదికి ఎక్కించడానికి వెంటాయ్ అనే ప్రోగ్రామ్ వాడాను. దానితో ఒకే పెన్ డ్రైవ్‌లో నాలుగైదు ఐఎస్ఓలు మామూలు ఫైళ్లలా కాపీ చేసుకుని, బూట్ అయ్యేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు. రకరకాల సిస్టమ్‌లు చూసి నిర్ణయించుకునేవాళ్లకి ఇంతకంటే సుఖం లేదు. ఈ తరం ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌లని మొదలవనివ్వని తాళం) లేదు, ఎఫ్12 నొక్కితే బూట్ మెనూ వచ్చింది. కంపెనీని బట్టి అది ఎఫ్2, ఎఫ్9, ఎస్కేప్, డిలీట్ ఏదైనా కావచ్చు.

ఇన్‌స్టాల్ చేయకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూసే సౌకర్యాన్ని తీరిగ్గా వాడుకోవాలి. శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మూత వేసి తీస్తే నిద్రలేస్తోందా, వెలుతురు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా అని ఒక్కొక్కటీ చూశాను. రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది.

ఒకటి, ఏ వెబ్‌సైట్ తెరిచినా "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అనే హెచ్చరిక. ఇంటర్నెట్ బాగానే ఉంది. గడియారం చూస్తే తేదీ ఏళ్ల వెనక్కి పోయింది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటర్ తేదీ ఆ గడువులో లేకపోతే బ్రౌజర్ దేన్నీ నమ్మదు. లోపల మదర్‌బోర్డు మీద ఉండే బటన్ బ్యాటరీ అయిపోయింది, అంతే. సీఆర్2032 బిళ్ల మార్చాక ఆ గొడవ లేదు. ఇంత చిన్న బిళ్ల వల్ల "నెట్ పాడైంది, కంప్యూటర్ పాడైంది" అనుకుని మూలన పడేసినవి ఎన్ని ఉంటాయో.

రెండోది వైఫై. పెన్ డ్రైవ్ నుంచి నడిపినప్పుడు అసలు కనిపించలేదు. లోపలున్న వైఫై చిప్‌కి విడిగా ఒక డ్రైవర్ కావాలి, దాన్ని దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కేమో వైఫై కావాలి. ఈ చిక్కుముడి విప్పే తేలిక దారి ఫోన్. కేబుల్‌తో కలిపి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ ఇంటర్నెట్‌ని కేబుల్ ద్వారా పంచుకోవడం) ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వైరు కనెక్షన్‌గా గుర్తుపట్టేస్తుంది. తర్వాత మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసినది అదే చూపించింది.

ఇక్కడ నేను కావాలనే ఒక పని చేశాను. కొత్త విడిభాగాలు ఏవీ వేయకుండా, అదే 2 జీబీ ర్యామ్, అదే పాత హార్డ్ డిస్క్ మీద మొదట మింట్ పెట్టి చూశాను. తేలికపాటి సిస్టమ్ తనంతట తాను ఎంత మేలు చేస్తుందో విడిగా తెలియాలని.

మేలు గట్టిగానే ఉంది. ఆన్ చేసి ఊరుకుంటే డిస్క్ లైటు నిమిషాల తరబడి వెలగకుండా ఉంది. ఇదివరకు అది ఆరిందే లేదు. డాక్యుమెంట్ టైపు చేస్తుంటే అక్షరం వేలితో పాటే పడుతోంది. కానీ ఆన్ చేయగానే బ్రౌజర్ తెరిస్తే అది రావడానికి చాలాసేపు పట్టింది, డాక్యుమెంట్లు రాసుకునే లిబ్రె ఆఫీస్ కూడా అంతే. ఒకసారి తెరిచాక మూసి మళ్లీ తెరిస్తే వెంటనే వస్తోంది, ఎందుకంటే అప్పటికి అది ర్యామ్‌లో మిగిలి ఉంది. అంటే సిస్టమ్ తేలికైంది కానీ డిస్క్ డిస్కే. బ్రౌజర్‌లో ఐదారు ట్యాబులు తెరవగానే 2 జీబీ నిండిపోయి పాత జబ్బు తిరగబెట్టింది.

ఆ దశలో జడ్‌ర్యామ్ పెట్టాను. ర్యామ్ నిండుతున్నప్పుడు వాడని భాగాన్ని డిస్క్ మీదికి పంపకుండా, అక్కడికక్కడే కుదించి ర్యామ్‌లోనే ఒక మూల ఉంచే ఏర్పాటు అది. మామూలుగా రెండు మూడు రెట్లు కుదిస్తుంది. కుదించడానికి ప్రాసెసర్‌కి కాస్త శ్రమ, కానీ ఖాళీగా కూర్చున్నది ఎలాగూ అదే కదా. ర్యామ్ పెంచే వీలు లేని మెషీన్లకి ఇది నిజంగా ప్రాణం పోస్తుంది.

ఈ ల్యాప్‌టాప్‌లో పెంచే వీలుంది. లోపల రెండో ర్యామ్ స్లాట్ ఖాళీ. ఈ తరం ల్యాప్‌టాప్‌లు 1.5 వోల్టుల డీడీఆర్3 ర్యామ్‌తో నడుస్తాయి. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కూడా 1.5 దగ్గర పనిచేయగలదు కాబట్టి ఏది దొరికినా ఫర్వాలేదు. 1.35 మాత్రమే ఇచ్చే ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో మాత్రం 1.5 వోల్టుల ర్యామ్ కుదరదు. 4 జీబీ కార్డు వేస్తే మొత్తం 6 జీబీ అయింది. ట్యాబుల బాధ అక్కడితో పోయింది.

తర్వాత హార్డ్ డిస్క్ తీసి రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టాను. పాత డిస్క్ మందం 9.5 మిల్లీమీటర్లు, ఎస్ఎస్‌డీ 7. ఆ తేడాకి ప్లాస్టిక్ చట్రం వేస్తే కదలకుండా కూర్చుంది. దీంట్లో తిరిగే భాగం ఏదీ లేదు. చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకి వేలల్లో చదువుతుంది. మింట్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడు బటన్ నొక్కాక అర నిమిషంలోపే డెస్క్‌టాప్ వస్తోంది, బ్రౌజర్ రెండు మూడు సెకన్లలో తెరుచుకుంటోంది. పెదనాన్న మొదటిసారి ఆన్ చేసి "ఇదేదో కొత్తది తెచ్చావు, పై డబ్బా పాతది" అన్నారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇలా విడివిడిగా చేసి చూశాక నా అభిప్రాయం ఇది. ర్యామ్ 4 జీబీ కంటే తక్కువుంటే ముందు ర్యామ్, అంతకంటే ఎక్కువుంటే ముందు ఎస్ఎస్‌డీ. తేలికపాటి సిస్టమ్ రెండు సందర్భాల్లోనూ కావాలి, ఎందుకంటే అప్‌డేట్లు వచ్చేదీ, వెనకాల పని తగ్గించేదీ అదే. కానీ తిరిగే డిస్క్‌ని ఏ సాఫ్ట్‌వేరూ పరిగెత్తించలేదు.

ఇంక సిస్టమ్ ఎంత తేలికైనా తేలికవనిది బ్రౌజర్. నిజానికి ఇవాళ పాత కంప్యూటర్ పనికొస్తుందా లేదా అని తేల్చేది అదే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ప్రకటనలని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టాను. ప్రకటనలూ, వెనకాల నడిచే ట్రాకర్లూ ఆగిపోతే వార్తల సైట్లు సగానికి సగం తేలికవుతాయి. ఇది సోకు కోసం చేసే పని కాదు, పాత మెషీన్‌కి అవసరం. వీడియోల సంగతి ఇంకోటి. వీడియో సైట్లు ఇప్పుడు వీపీ9, ఏవీ1 లాంటి కొత్త పద్ధతుల్లో వీడియో పంపుతాయి. రెండో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కి వాటిని విప్పే సర్క్యూట్ లేదు, మొత్తం భారం ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ అరుస్తుంది. హెచ్.264 అయితే ఆ చిప్ నేరుగా విప్పగలదు, ప్రాసెసర్ విప్పాల్సి వచ్చినా అది తేలిక. అందుకని వీడియోలు హెచ్.264లోనే ఇమ్మని అడిగే చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి వేశాను. పాటలు ఆగి ఆగి రావడం ఆ రోజుతో పోయింది. వీడియో కాల్ ఇద్దరి మధ్య బాగానే నడుస్తోంది. ఐదారుగురు ఒకేసారి కనిపించే కాల్ అయితే ఇప్పటికీ వేడెక్కుతుంది. దానికి ఆయన ఫోన్ వాడుతున్నారు.

తెలుగు టైపింగ్ గురించి రాయకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం, ఎందుకంటే పెదనాన్నకి ల్యాప్‌టాప్ అంటే అదే. ఆయనది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక అలవాటు. దానికోసం ఐబస్ లాంటి టైపింగ్ ప్రోగ్రాములు వేయనక్కర్లేదు. కీబోర్డు సెట్టింగుల్లోని లేఔట్ల జాబితాలో ఇండియన్ కింద తెలుగు ఉంటుంది, దాన్ని ఇంగ్లీషు పక్కన చేర్చి ఆల్ట్ షిఫ్ట్‌తో మారేలా పెట్టాను. విడిగా ఒక ప్రోగ్రామ్ నడవదు కాబట్టి మెమరీ ఖర్చు కూడా లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెచ్చుకునేవాళ్లకైతే ఐబస్ తప్పదు. యూనికోడ్ రాకముందు కాలంలో వేరే ఫాంట్లతో టైపు చేసిన ఆయన ఫైళ్లు మొదట అర్థంకాని గుర్తుల్లా కనిపించాయి. పాత డిస్క్‌లోని ఆ ఫాంట్ ఫైళ్లని తెచ్చి ఆయన హోమ్ ఫోల్డర్‌లోని ఫాంట్ల చోట పెడితే మళ్లీ తెలుగులో కనిపించాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా పీడీఎఫ్‌లుగా మార్చి దాచుకుంటున్నారు.

డెస్క్‌టాప్ మీద ప్రోగ్రాముల పేర్లు తీసేసి పనుల పేర్లు పెట్టాను: నా రాతలు, ఉత్తరాలు, వార్తలు, పాటలు. లిబ్రె ఆఫీస్ అంటే ఏమిటో ఆయనకి తెలియాల్సిన పనిలేదు. సేవ్ చేసేటప్పుడు డాక్స్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేలా మార్చాను, ఆయన పంపిన ఫైల్ అవతలివాళ్ల దగ్గర తెరుచుకోవాలి కదా. విండోస్ 10కి మారినప్పుడు డ్రైవర్ దొరక్క అటక మీదికి పోయిన పాత స్కానర్ కూడా దించి తగిలించాం. లినక్స్‌లో సేన్ అనే వ్యవస్థకి అది తెలుసు, ఏమీ వేయకుండానే కనిపించింది. అన్ని స్కానర్లకీ ఇలా కలిసొస్తుందని చెప్పను, కానీ అటక మీద ఉంటే ఒకసారి తగిలించి చూడండి.

కుదరనివీ ఉన్నాయి. విండోస్ కోసమే రాసిన అకౌంటింగ్ ప్రోగ్రాములు, డిజిటల్ సంతకం పెట్టే కొన్ని యూఎస్‌బీ టోకెన్లు, కొన్ని ఆఫీసులు తప్పనిసరి చేసే ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు ఇక్కడ నడవకపోవచ్చు. అలాంటి పని మీద ఆధారపడ్డవాళ్లు పాత డిస్క్‌ని చెరపకుండా పక్కన దాచుకుని ఎస్ఎస్‌డీ మీద లినక్స్ పెట్టుకోవడం మంచిది. అవసరమైతే స్క్రూలు విప్పి పాతది పెట్టుకోవచ్చు. పెదనాన్న పాత డిస్క్‌ని నేనూ అలాగే కవర్‌లో పెట్టి, తేదీ రాసి బీరువాలో ఉంచాను.

అదే ఊపులో ఇంట్లో ఉన్న చిన్న నెట్‌బుక్ కూడా తీశాను. 2009 నాటిది, ఇంటెల్ ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్. ఇక్కడ కథ వేరు. ఆ ప్రాసెసర్ 32 బిట్ మాత్రమే, అంటే 64 బిట్ కోసం చేసిన ఇప్పటి సిస్టమ్‌లు దాని మీద నడవవు. ఉబుంటు అనే లినక్స్ రకం 32 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓలు 2017లోనే ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే ఇంకో రకానికి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ లేదు. 32 బిట్ లినక్స్‌కి ఫైర్‌ఫాక్స్ కూడా 144వ వెర్షన్‌తో ఆగిపోయింది, దీర్ఘకాల మద్దతు ఉండే 140 రకానికే ఇంకొంత కాలం అప్‌డేట్లు. దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయన్న మాట. యాంటిఎక్స్ 32 బిట్ రకం పెడితే ఊరికే ఉన్నప్పుడు రెండు వందల ఎంబీ లోపే తీసుకుంది, మెనూలు చకచకా తెరుచుకున్నాయి. బ్రౌజర్‌లో ఒక్క వార్తల పేజీ తెరవగానే మాత్రం మొత్తం నిలబడిపోయింది. పాత ర్యామ్ తీసి 2 జీబీ పెట్టొచ్చు, కానీ ఆ చిప్‌సెట్‌కి అదే గరిష్ఠం, ప్రాసెసర్‌కి కూడా అంత సత్తువ లేదు.

కాబట్టి దాన్ని ఇంటర్నెట్ కంప్యూటర్‌గా బతికించే ఆలోచన మానుకున్నాను. వైఫై ఆపేసి టక్స్ పెయింట్ వేసి పిల్లలకి ఇచ్చాం. పిల్లల బొమ్మల కోసం 2002లో వచ్చిన ప్రోగ్రామ్ అది, ఈ నెట్‌బుక్‌కి చక్కగా సరిపోయింది. నెట్ లేదు కాబట్టి అప్‌డేట్ల దిగులూ తక్కువే.

ఎవరైనా అడిగితే నేను ముందు చూడమనేవి ప్రాసెసర్ 64 బిట్టా కాదా, ర్యామ్ పెంచే వీలుందా, డిస్క్ మార్చే వీలుందా అన్న మూడే. మదర్‌బోర్డు మీదే అతికించిన 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ (డిస్క్ బదులు బోర్డు మీదే ఉండే నిల్వ చిప్) ఉన్న చౌక ల్యాప్‌టాప్‌లు కొత్తవైనా వాటితో కష్టమే. అంతకంటే పాతదైనా మార్చుకునే వీలున్న ల్యాప్‌టాప్ మేలు. ఇంకొకటి, బ్యాటరీ ఉబ్బి ఉంటే మిగతా ఏ పనికీ ముందు దాన్ని జాగ్రత్తగా బయటికి తీయాలి. గుచ్చుకున్నా నలిగినా మంట అంటుకునే ప్రమాదం ఉంది.

పెదనాన్న ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బలేదు కానీ పావుగంట మించి నిలవడం లేదు, కాబట్టి ప్లగ్ పెట్టే వాడుతున్నారు. అప్‌డేట్లు ఆయనే చేసుకుంటున్నారు. కింద పట్టీలో డాలు గుర్తు మీద చుక్క కనిపిస్తే నొక్కి పాస్‌వర్డ్ కొట్టడమే. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో వారానికో స్నాప్‌షాట్ (సిస్టమ్ నకలు) తీసేలా పెట్టాను, ఇప్పటిదాకా దాని అవసరం రాలేదు. మింట్ 22కి 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి. బ్యాటరీ ఈ మోడల్‌కి ఇంకా దొరుకుతోంది, వచ్చాక అది మారుస్తాను.